వార్తల్లో పదం: సీఈఏ

పెద్దపేగు క్యాన్సర్ చికిత్స వార్తల్లో తరచూ వినిపించే సీఈఏ పూర్తి పేరు కార్సినోఎంబ్రియానిక్ యాంటిజెన్. గర్భస్థ శిశువు పేగుల్లో సమృద్ధిగా ఉండి పుట్టుక నాటికి తగ్గిపోయే ఈ ప్రోటీన్‌ను పెద్దపేగు కణితుల్లో 1965లో కెనడా వైద్యులు ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ గుర్తించారు. పొగతాగనివారి రక్తంలో ఇది సాధారణంగా మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు దాటదు. ఆపరేషన్‌కు ముందే ఎక్కువగా ఉంటే వ్యాధి తిరగబెట్టే ముప్పు పెరిగినట్టు భావిస్తారు. కణితిని పూర్తిగా తొలగిస్తే కొన్ని వారాల్లో మామూలు స్థాయికి దిగాలి, దిగినది మళ్లీ పెరుగుతూ పోతే కాలేయానికో ఊపిరితిత్తులకో వ్యాధి పాకిందేమోనని స్కానింగ్ చేయిస్తారు. 

అయితే చుట్ట, బీడీ తాగేవారిలోనూ కాలేయ వ్యాధులున్నవారిలోనూ సీఈఏ పెరగవచ్చు, కొందరు క్యాన్సర్ రోగుల్లో అసలు పెరగకపోవచ్చు; అందువల్ల రోగ నిర్ధారణకు దీనిపై ఆధారపడరాదు. మలంలో రక్తం కనిపిస్తే మొలలని సరిపెట్టుకోకుండా, ఎవరైనా వైద్యుణ్ణి కలిసి కొలనోస్కోపీ అవసరమేమో అడగాలి. ల్యాబ్ మారితే కొలిచే పద్ధతీ, అంకే మారవచ్చు కాబట్టి చికిత్స పొందినవారు ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో పరీక్ష చేయించుకుని, పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లాలి.