ఉక్కు గట్టితనమును ఛాయాచిత్రముచే కొలుచు విధము

నాగటి కర్రు మెత్తనిదైన యెడల కొలది దుక్కులకే అరిగిపోవును. మితిమీరి గట్టిదైన యెడల రాయి తగిలినప్పుడు విరుగును. ఈ సంగతి రైతులకు క్రొత్త కాదు. కాని కొనునప్పుడు రెండింటి మెరుపును ఒక్కటే. మా సంఘసభ్యులు కొందరు కలసి తెప్పించిన కర్రులలో సగము ఒకసారి గరపనేలలో ఒక్క కారునకైనను ఆగలేదు. వర్తకుడు మంచి ఉక్కేయనెను, మేము కాదంటిమి. ఋజువు ఎవరియొద్దను లేకపోయెను. అట్టి ఋజువు నిచ్చు పరీక్ష యొకటి గలదు.

మన కమ్మరి ఆకురాయితో రాచి చూచును. ఆకురాయి జారినచో గట్టిది, కరచినచో మెత్తనిది. ఇది మంచి పరీక్షయే గాని, ఎంత గట్టిదో అంకెలో చెప్పజాలదు. అంకెకు దారి చూపినవాడు స్వీడను దేశపు ఇంజనీరు బ్రినెల్. ఆయన 1900లో వెల్లడించిన పద్ధతిలో ఉక్కుగుండును లోహముపై నొక్కి, పడిన గుంట వెడల్పును కొలిచెడివారు. 1921లో ఇంగ్లండునందలి వికర్స్ కంపెనీలో స్మిత్, సాండ్లండ్ అనువారు గుండునకు మారుగా వజ్రమును గైకొనిరి. దీనిని నాలుగు ముఖముల గోపురమువలె చెక్కుదురు. ఎదురెదురు ముఖముల నడుమ కోణము 136 డిగ్రీలు. దీనిని నున్నగా మెరుగుపెట్టిన లోహముపై తెలిసిన బరువుతో పది పదునైదు సెకనులు అదిమి తీసినచో చదరపు గుంట పడును. మెత్తని లోహమున పెద్ద గుంట, గట్టి లోహమున చిన్న గుంట.

గుంట యొక్క రెండు కర్ణములను సూక్ష్మదర్శినిలో కొలిచి సగటు తీయవలయును. బరువును కిలోగ్రాములలో 1.854చే హెచ్చించి, కర్ణపు మిల్లీమీటర్ల వర్గముచే భాగించిన కాఠిన్యసంఖ్య వచ్చును. 30 కిలోగ్రాముల బరువునకు కర్ణము 0.30 మిల్లీమీటరైనచో సంఖ్య 618. అదే కర్ణమును వేరొకడు 0.31 అని చదివినచో 579 మాత్రమే! వెండ్రుక మందమైనను లేని తేడా 39 అంకెలను మింగివేసినది. కండ్లు అలసిన పనివాడు సాయంకాలము చదివిన అంకెకును, ఉదయము చదివిన అంకెకును పొత్తు కుదరకపోవుట కిదియే కారణము.

ఇచ్చటనే కెమెరా అక్కరకు వచ్చినది. సూక్ష్మదర్శినికి తగిలించిన కెమెరా గుంట చిత్రమును లక్షలాది చిన్న గడులుగా విభజించును. ప్రతి గడి వెలుతురునకు సాధారణముగా 0 మొదలు 255 వరకు ఒక అంకె. నలుపునకు 0, తెలుపునకు 255. మెరుగుపెట్టిన పైభాగము తెల్లగను, గుంట నల్లగను కనబడును. వెలుతురు ఒక్కసారిగా మారు చోట్లను కంప్యూటరు వెదకి, గట్లు పెట్టిన మడివలె గుంట హద్దులను గీచి, నాలుగు మూలలను పట్టి, కర్ణములను లెక్కించును. ఒక గడి ఎన్ని మిల్లీమీటర్లకు సమానమో ముందుగా సన్నని గీతలుగల కొలబద్దతో నిర్ణయించి యుందురు. కంటి అలసట దానికి లేదు.

అయినను యంత్రమని గుడ్డిగా నమ్మరాదు. పైభాగమున సాన గీతలున్నను, త్రుప్పు మచ్చ యున్నను, చిత్రము మసకబారినను, కంప్యూటరు గీతనే గుంట యంచుగా భ్రమించును. కావున కాఠిన్యము ముందే నిర్ణయమైన దిమ్మెపై యంత్రమును సరిచూచుచుండవలయును. గీచిన హద్దును మనుష్యుడొకడు చిత్రముపై పరికింపవలయును. మరియు ఈ పరీక్ష గట్టితనమునే చెప్పును. పెళుసుదనమును నేరుగా చెప్పదు. దానికి ఊగు సుత్తితో కొట్టి విరిచి చూచు పరీక్ష వేరుగా నున్నది.

ఒక్క కర్రు కొను రైతునకు ఇంత శ్రమ గిట్టుబాటు కాదు, పరీక్షకై కోసిన కర్రు మరల దుక్కికి పనికిరాదు గూడ. సంఘము పేర నూరు కర్రులు తెప్పించునప్పుడు మాత్రము, ఎన్ని అంకెల నడుమ కాఠిన్యముండవలయునో ఒడంబడికలోనే వ్రాయించి, వచ్చిన సరకునుండి మనము ఏరిన రెండింటిని పరీక్షకు పంపవచ్చును. మొనయొద్దను, నడుమను, వెనుకను వేర్వేరుగా అంకెలు తీయించి, గుంటల చిత్రములను గూడ అడిగి పుచ్చుకొనవలెను.