పిల్లల కడుపులో గడ్డ: ఆలస్యమే అసలు శత్రువు



క్యాన్సర్ అంటే పెద్దల జబ్బనుకుంటాం. పసిపిల్లల క్లోమగ్రంథిలోనూ అది రావచ్చు. చాలా అరుదు. కానీ పెద్దల క్లోమ క్యాన్సర్ అంత మొండిది కాదు. సకాలంలో గుర్తించి గడ్డను పూర్తిగా తీయగలిగితే కోలుకునే అవకాశం బాగా ఉంటుంది.

క్లోమం జీర్ణాశయం వెనుక లోతుగా ఉంటుంది. అక్కడి గడ్డ పెద్దదయ్యేదాకా బయటపడదు. చిన్నపిల్లల్లో వచ్చే ముఖ్యమైన రకం పాంక్రియాటోబ్లాస్టోమా. ఎదిగే ఆడపిల్లల్లో వచ్చేది మరో రకం. దానికి చాలామందిలో ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది. పెళ్లి సంబంధాలు చెడతాయని దాచిపెట్టడం బిడ్డకు అన్యాయం చేయడమే.

గుర్తులు: కడుపులో చేతికి తగిలే గడ్డ, తగ్గని నొప్పి, వాంతులు, బరువు తగ్గడం, కొందరిలో కామెర్లు. వీటిలో చాలావరకు మామూలు కారణాలే ఉంటాయి. అయినా నులిపురుగుల మందుతోనో, పసరు మందుతోనో వారాలు గడపకూడదు.

మొదటి మెట్టు అల్ట్రాసౌండ్ స్కాన్. నొప్పి ఉండదు, రేడియేషన్ ఉండదు. గడ్డ కనిపిస్తే సీటీ లేదా ఎంఆర్ఐ తీస్తారు. ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే రక్త పరీక్ష చేస్తారు. పాంక్రియాటోబ్లాస్టోమాలో అది తరచుగా పెరుగుతుంది. చివరికి ముక్క పరీక్షతోనే రోగం తేలుతుంది. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో పరీక్షను వాయిదా వేయకూడదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మొదట అక్కడే చూపించవచ్చు. ఆపై వరంగల్ ఎంజీఎం, హైదరాబాద్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955 నుంచి నడుస్తున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెరిగింది.

మరి మన సాయం ఎందుకు? రోగం తేలకముందు బయట తీయించే స్కాన్లు, దారి ఖర్చులు, పోయిన కూలి తల్లిదండ్రుల మీదే పడతాయి. భూపాలపల్లికి రైలు కూడా లేదు. చాలా కుటుంబాలు ఆగిపోయేది ఇక్కడే. ఆపరేషన్ నాటి పెద్ద మొత్తం కన్నా, మొదటి వారంలో అందే చిన్న మొత్తం ఒక్కోసారి ఎక్కువ పనిచేస్తుంది. మీ జకాత్, సదఖాలో కొంత ఈ తొలి పరీక్షలకు కేటాయించమని కోరుతున్నాము. మీ వీధిలో ఏ బిడ్డ కడుపునొప్పి తగ్గకపోయినా, మతం చూడకుండా మాకు కబురు చేయండి.

అల్లాహ్ పిల్లలందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.