బుష్షు చిరిగింది ఉప్పుగాలికి కాదు

తోటపల్లి గూడూరు నుంచి ఒక పాఠకుడు రాశారు. పాత మారుతి 800కి ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్షులు ఇంటి దగ్గరే మార్చుకున్నారట. ఏడాది తిరక్కుండానే రబ్బరు నెర్రెలిచ్చింది, గుంత వస్తే చాలు మళ్లీ టకటక. ‘మా మండలంలోనే కోడూరు బీచ్. ఉప్పుగాలి రబ్బరును తినేస్తోందా?’ అని ఆయన ప్రశ్న.

తినదు. ఉప్పు తినేది ఇనుమును. బుష్షు లోపలి గొట్టం, బోల్టు తుప్పుపట్టి ఏకమైపోయి పానాకు లొంగకపోతే సముద్రాన్ని నిక్షేపంగా తిట్టుకోవచ్చు. రబ్బరు చిరిగితే మాత్రం నేనడిగేది ఒక్కటే: బోల్టు బిగించేటప్పుడు చక్రం నేల మీద ఉందా, గాల్లో వేలాడుతోందా?

ఈ కారు ముందువైపు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకటిగా నిలబడితే, కింద చక్రాన్ని అటూఇటూ పోకుండా పట్టేది లోయర్ ఆర్మ్. దాని ఒక చివర బాల్ జాయింటు, రెండో చివర బుష్షు. ఇంతవరకు తెలిస్తే చాలు.

బుష్షంటే ఒకదానిలో ఒకటి దూరిన రెండు ఉక్కు గొట్టాలు, మధ్యలో రెండింటికీ అతుక్కుపోయిన రబ్బరు. బయటి గొట్టం ఆర్మ్‌లో బిగుసుకుని ఉంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు కారు బాడీకి కదలకుండా నొక్కిపట్టేస్తుంది. తలుపు బందులా ఇది తిరుగుతుందని అనుభవమున్న మెకానిక్కులు కూడా కొందరు నమ్ముతారు, పైగా గ్రీజు పూస్తారు. గ్రీజు గన్నుతో అంబాసిడర్లను సాకిన రోజుల అలవాటు కాబోలు. పెట్రోలియం గ్రీజుకు సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అసలిక్కడ జారేదేదీ లేదు. ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడల్లా రబ్బరే మెలితిరిగి, మళ్లీ తిన్నబడుతుంది.

30 సెంటీమీటర్ల ఆర్మ్ అనుకుందాం. జాకీ ఎత్తగానే చక్రం వేలాడి, బాల్ జాయింటు వైపు కొస 8 సెంటీమీటర్లు దిగింది. కోణం దాదాపు 15 డిగ్రీలు. అక్కడే బోల్టు బిగించారా, ఆ వేలాడే స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థానం అయిపోతుంది. కారు నేలకు దిగిన క్షణం నుంచి, షెడ్డులో ఊరికే నిలిపినా సరే, 15 డిగ్రీల మెలితోనే బతకాలి. గుంతలో ఆర్మ్ ఇంకో 10 డిగ్రీలు లేస్తే మెలి 25కు చేరుతుంది. నేల మీద బిగించి ఉంటే అదే కుదుపుకు 10 దగ్గరే ఆగేది.

ఇక అలా మెలిపడ్డ రబ్బరును చీల్చే, గాలిలోని ఓజోన్ సంగతి. నాకు తగని మోజు దీని మీద. రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. వాటిలోని ద్విబంధాలను ఓజోన్ తెగ్గొడుతుంది. రబ్బరు వదులుగా ఉంటే పైపొర మాత్రం పాడవుతుంది, లోపలిది భద్రం. లాగి పట్టిన రబ్బరులో తెగిన కొసలు చెరోవైపు జరిగిపోతాయి. అడుగున కొత్త రబ్బరు బయటపడుతుంది, ఓజోన్ దాన్నీ కోస్తుంది. అలా లాగిన దిశకు అడ్డంగా పగుళ్లు లోతుకు దిగుతాయి. కొద్ది శాతం సాగినా చాలు. లాస్ ఏంజెలెస్ పొగ మీద పరిశోధించిన ఆరీ హాగెన్-స్మిట్ 1950ల మొదట్లో దీన్నే కొలమానంగా వాడారు: వంచిన రబ్బరు ముక్కలను ఆ గాలిలో ఉంచి, పగుళ్లను బట్టి ఓజోన్ లెక్కకట్టారు. వంచకుండా పెట్టి ఉంటే ఆ ముక్కలు ఏమీ చెప్పేవి కావు.

మరి సముద్రపు గాలిలో ఓజోన్ ఎక్కువ కాదా? 19వ శతాబ్దపు యూరప్ అలాగే నమ్మింది. ఓజోన్ పీలిస్తే ఒంటికి మంచిదని డాక్టర్లు రోగులను తీరాలకు పంపారు. రెండూ తప్పే. అది ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు. అప్పట్లో ఓజోన్‌దే అనుకున్న తీరపు వాసనలో ముఖ్యభాగం సముద్రపు సూక్ష్మజీవుల వల్ల పుట్టే డైమిథైల్ సల్ఫైడ్‌ది. నేల దగ్గర ఓజోన్‌ను పెంచేది వాహనాల, పరిశ్రమల పొగ, దానికి తోడు ఎండ. పొగ తక్కువున్న ఊళ్లోనూ గాలిలో అది ఎంతో కొంత ఉంటుంది, మెలిపడ్డ బుష్షుకు ఆ కొంత చాలు. నాసిరకం సరుకూ కావచ్చు, కాదనను. కానీ ముందు బిగింపునే అనుమానిస్తాను.

చేయాల్సిందల్లా బోల్టులు ఎక్కించి, వదులుగా ఉంచి, కారు దించి, బంపరును నాలుగుసార్లు ఊపి, అప్పుడు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించడం. పానా దూరకపోతే బాడీని స్టాండ్ల మీద నిలిపి, బాల్ జాయింటు వైపు ఆర్మ్ కింద జాకీ పెట్టి, కారు స్టాండు మీంచి లేవబోయేదాకా ఎత్తి బిగించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకండి. స్ట్రట్ విప్పే సరదా కూడా వద్దు. సెంటీమీటరు నొక్కడానికి 15 కిలోల బరువు కావాల్సిన స్ప్రింగును 20 సెంటీమీటర్లు నొక్కితే, 30 కిలోలు మీటరు ఎత్తు నుంచి పడినంత శక్తి అందులో ఉంటుంది. ఆ పనిని స్ప్రింగ్ కంప్రెసర్ ఉన్న షెడ్డుకు వదిలేయండి. అలైన్‌మెంట్ కోసం ఎలాగూ నెల్లూరు వెళ్లాల్సిందే.