చేతితుపాకియు భల్లూకమును

అమెరికాలోని అలాస్కా సీమయందలి గోధుమవన్నె భల్లూకము మన కొండ ఎలుగువంటిది కాదు. పెద్ద మగది 400 కిలోగ్రాములకు మించి తూగును. అట్టిది మీదికురికిన, నడుమునందలి చేతితుపాకి యేపాటిది కావలెను? తుపాకికంటె ముందు గుండును జూడుడందును. మనుష్యులకై చేసిన గుండు తాకగనే విచ్చుకొనును. ఈ మృగమున నది క్రొవ్వునందో కండయందో యాగిపోవచ్చును. విచ్చుకొనక, ముక్కు చదునైన గట్టిసీసపు గుండైనచో నెముకను ఛేదించి లోతునకు బోవును. 1955లో వెలువడిన 44 మాగ్నమ్ తూటాకు పేరు వచ్చిన దిందుకే. కాని యా రివాల్వరు బలముగ వెనుకకు దన్నును. రెండవ దెబ్బకు గురి నిలువదేని ప్రయోజనమేమి? 1983 నాటి 10 మిల్లీమీటర్ల పిస్తోలు బలమున గొంత తక్కువయ్యును చేతికి లొంగును, తూటాలును హెచ్చు పట్టును. నాకదియే మేలని తోచును. అచ్చటివారు మిరపకారపు ఘాటును జిమ్ము బుడ్డిని గూడ ధరింతురు. మన మిరపయే సుండీ! 1985 మొదలు 2006 వరకు అలాస్కాలో జరిగిన ఘటనలను పరిశీలింపగా, ఈ జాతి భల్లూకములను నూటికి 92 పర్యాయము లది నిలువరించినట్లు తేలినది.