గంగాపూజకు ముందు

కాశీయాత్ర విశ్వేశ్వర దర్శనంతో ముగియదు. స్వగృహం చేరి, తెచ్చిన గంగాజలానికి పూజ చేసి, సమారాధనలో పదిమందికి అన్నం పెట్టినప్పుడే యాత్ర సంపూర్ణమని పెద్దల మాట.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి, కాశీని సేవించి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. నాడు పల్లకీని మోసినవారు బోయీలు. నేడు ఆ భారం డ్రైవరుది.

మేము హైదరాబాదు నుంచి నాగపూర్, జబల్పూర్, ప్రయాగల మీదుగా కారులో కాశీకి వెళ్లాము. తిరుగు ప్రయాణంలో నర్మద దాటిన రాత్రి, "కాసేపు నిద్రపోతాను స్వామీ" అన్నాడు మా డ్రైవరు. గంగాపూజ ముహూర్తం తప్పుతుందని కసిరాను. కొంతదూరం సాగాక అతని రెప్ప వాలింది. కారు రహదారి అంచు దిగి ఆగింది. విశ్వనాథుని దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఇల్లు చేరి కలశం ముందు కూర్చుంటే నోట సంకల్పం రాలేదు. కాశీలో ఇష్టమైన మామిడిపండును విడిచి వచ్చాను. అహంకారాన్ని మాత్రం వెంట తెచ్చుకున్నాను. ఏ ముహూర్తం కోసం తొందరపడ్డానో, దానిని నేనే వదులుకున్నాను. మరునాడు అతనిని సకుటుంబంగా పిలిచి, మన్నించమని అడిగి, తొలి పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డించిన తరువాతనే నా మనస్సు కుదుటపడింది.

భక్తులారా! మీరూ యాత్ర ముగించి వచ్చినప్పుడు, గంగచెంబు మూత తీయడానికి ముందు, మిమ్మల్ని క్షేమంగా ఇల్లు చేర్చిన వానిని ఒక్కసారి తలచుకోండి. దారిలో అతనికి వేళకు అన్నం, కంటికి నిద్ర దొరికాయా? యాత్రాఫలం అక్కడినుంచే మొదలవుతుంది.