మెడ మీద బిళ్ళ

చిన్నప్పుడు కాలికి ముల్లు దిగి చీము పడితే గజ్జలో బిళ్ళ కట్టేది. "పుండు మానితే అదే పోతుందిలే" అనేది మా అమ్మ. ఆ మాట 2023లో మా ఇంట్లో ఒక్కరికీ గుర్తురాలేదు.

రేపల్లెలో ఉంటున్న మా అక్కయ్యకు 2019లో రొమ్ముకు రాచపుండు వచ్చింది. ఆపరేషనూ, మందులూ, కరెంటు పెట్టడమూ అయ్యాక నాలుగేళ్ళు హాయిగానే గడిచాయి. ఒకనాడు జడ వేసుకుంటూంటే మెడ పక్కన కుంకుడుగింజంత బిళ్ళ చేతికి తగిలింది. స్కాన్ తీయిస్తే అది దీపంలా వెలిగింది. "మళ్ళీ వచ్చినట్టే ఉంది" అన్నారు చూసిన డాక్టరుగారు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు కూడా "వచ్చినట్టే ఉంది"కీ "వచ్చింది"కీ ఉన్న తేడా ఆ క్షణంలో తోచలేదు.

బాపట్లలో బయల్దేరి, తెనాలిలో రేపల్లె బండి పట్టుకొని వెళ్ళేసరికి, అక్కయ్య బీరువా తెరిచి కోడళ్ళకు నగలు పంచుతోంది.

"ఇంక ఆ మందులు నావల్ల కాదురా తమ్ముడూ. ఉన్నన్నాళ్ళు ఇంట్లోనే ఉండనివ్వండి" అంది.

బతిమాలి తెనాలిలో మరో డాక్టరుగారికి చూపించాను. "ముక్క తీసి పరీక్ష చేయనిదే ఏ మందూ మొదలుపెట్టకూడదు" అన్నారాయన. ఫలితం వచ్చిందాకా మాకు తిండి సయించలేదు. తీరా చూస్తే క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. ఉన్నది క్షయ. మన పెద్దలు గండమాల అన్నది ఇదే!

ఒంట్లో వందలకొద్దీ లింఫు గ్రంథులున్నాయి. సూక్ష్మజీవులు చొరబడితే అవి పోరాడుతూ ఉబ్బుతాయి. పెట్ స్కాన్‌లో వెలిగేది చక్కెరను ఎక్కువగా పీల్చుకొనే చోటు. క్యాన్సర్ కణాలూ పీలుస్తాయి, క్షయతో పోరాడే కణాలూ పీలుస్తాయి. వెలుగును చూసి పేరు పెట్టడం కష్టం. 2021లో కోవిడ్ టీకా వేయించుకున్నవారిలో కొందరికి చంకలో గ్రంథులు ఉబ్బి, రొమ్ము క్యాన్సరేమోనని దేశదేశాల్లో ఇలాగే కంగారు పుట్టింది.

అలాగని బిళ్ళ కనిపిస్తే ఊరుకోమని కాదు. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. ఒకసారి క్యాన్సర్ వచ్చినవారైతే వెంటనే చూపించాలి. కాని ముక్క పరీక్ష కాకముందే ఆశ వదులుకోకూడదు.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే క్షయ మందులు అక్కయ్య ఆరు నెలలూ ఒక్కరోజు తప్పకుండా మింగింది. బిళ్ళ కరిగింది. పంచిన నగలు మాత్రం ఎవరినీ అడగలేదు. చిన్నకోడలే చంద్రహారం తెచ్చి అత్తగారి మెళ్ళో వేసింది.