అరువిచ్చే అంగడి

ఏసీ లేదు. తోసుకెళ్లే బండి లేదు. 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' బోర్డు అసలే లేదు. అయినా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో వీధి చివరి అంగడి ఎలా నిలబడింది? జవాబు గల్లాపెట్టె పక్కనే ఉంటుంది. నూనె మరకలు పడ్డ పద్దు పుస్తకం!

నెల్లూరు జిల్లా పడమటి పల్లెల్లో చాలామందికి డబ్బు నెలనెలా చేతికి రాదు. సోమశిల నీళ్లందే ఆత్మకూరు వైపు వరి కోతలకు వస్తుంది. వానే దిక్కైన ఉదయగిరి మెట్టలో పంట పండితే వస్తుంది, లేదంటే వలస వెళ్లినవాళ్లు పంపితే వస్తుంది. పొయ్యి మాత్రం రోజూ వెలగాలి కదా! అందాకా బియ్యం, పప్పు అరువిచ్చేది ఆ అంగడే. పదిరూపాయల నూనె, రూపాయి షాంపూ అడిగినా విసుక్కోదు. పూచీ కాగితాలుండవు. 'ఫలానా వాళ్ల కోడలు' అంటే చాలు.

ఇదేమీ దానధర్మం కాదు. అరువు సరుకుకు అర్ధో రూపాయో ఎక్కువ వేయడం, బాకీ కోసం నలుగురిలో అడగడం అందరూ ఎరిగినవే. పెద్ద దుకాణంలో ఆ బాధ లేదు. ఎమ్మార్పీ మీద తగ్గింపు కూడా. కంపెనీ దగ్గరే టోకున కొనేవాళ్లకు అది చెల్లుతుంది. స్టాకిస్టు దగ్గర కొని, అందులోనే బతకాల్సిన అంగడికి ఎలా సాధ్యం?

మన దగ్గర ఈ పోటీ వేడెక్కింది 2006లో. రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు హైదరాబాద్‌లోనే తెరిచారు. ఆ వెంటే బిర్లా సంస్థ త్రినేత్రను కొని 'మోర్'గా మార్చింది. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష దేశమంతా 1,600 దాకా దుకాణాలు పెట్టి, 2009లో జీతాలు, అద్దెలు కట్టలేక మూతపడింది. కొనేవాళ్లకు అరువివ్వని దుకాణాన్ని సొంత అప్పులే ముంచాయి!

పెద్ద దుకాణాల్లో సరుకుల కొనుగోలు ఎక్కడో ప్రధాన కార్యాలయంలో తేలుతుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి కొయ్య చెంచాలు చేతితో చెక్కేవి. అడిగినన్ని వేలు ఒక్కసారి ఇవ్వలేని ఇళ్లకు ఆ అరల్లో చోటు దొరకడం కష్టం.

అసలు చిక్కు మరోటి ఉంది. అంగడి అరువు నడిచేది రొక్కం ఇచ్చి కొనేవాళ్ల వల్లే. టీచర్లు, ఉద్యోగులు ఒకటో తేదీన నెల సరుకుల చీటీ ఇస్తే, ఆ డబ్బుతో స్టాకిస్టు బాకీ తీరేది. వాళ్లిప్పుడు నెల్లూరు వెళ్లినప్పుడు సంచులు నింపుకొస్తున్నారు, ఫోన్‌లోనూ తెప్పించుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేం, నాలుగు రూపాయలు మిగులుతాయంటే ఎవరు వద్దంటారు? కానీ రొక్కం బేరాలు పోయి అరువు బేరాలే మిగిలితే అంగడాయన ఎన్నాళ్లు లాగగలడు? 'పాత బాకీ తీర్చాకే కొత్త సరుకు' అనక తప్పదు. ఆ మాట పడేది వాన కోసం చూస్తున్న మెట్ట రైతు ఇంటి మీద.